కారులోకి దిగినోడు

బామ్ణీ రోడ్డు స్పీడ్ బ్రేకర్‌కు పొట్ట గీరుకుని
నా డెంటింగ్ షెడ్డుకొచ్చింది
టెంభుర్ణే వాళ్ల పిల్లగాని ఎర్ర కారు.
నాగపూర్‌ల కొన్నడట. రెండే సీట్లు.
బల్లార్షా బొగ్గు లారీల నడుమ
ఎవరో తొందర్ల విడిచిపోయిన చెప్పు లెక్క ఉన్నది.

కింద పండుకొని గీత చూసిన.
రెండు రోజుల పని అన్న.
అంతల జనం మూగిన్రు.
మూగినోళ్లంత ఒక్కసారి కూసొని చూస్తమన్నరు.
పిల్లగానికి సంబురం, తలుపు తెరిచి పెట్టిండు.

పేపర్ మిల్లు టైమ్‌కీపర్ ముందుగాల తల దూర్చిండు.
తల లోపల, మనిషి బయట,
అట్లనే కొంతసేపు ఆలోచన చేసిండు.
మటన్ షాపు గఫార్ ముందుగాల కాలు పెట్టిండు,
రెండో కాలు ఎక్కడ పెట్టాలె?
మా కౌసల్య కుచ్చిళ్లు పట్టుకొని వంగి
"ఇది కారా, కట్టెల పొయ్యా?" అని
లేచి చక్కగ ఇంట్లకు పోయింది.

ఓదెలు కాక గోడకు ఆనుకొని చూస్తున్నడు.
డెబ్బై ఒకటి. అందుల ముప్పై మూడు భూమి కిందనే.
గోదారి దాటి మా నాయినతో వచ్చినోడు,
కుడి మోకాలు ఆయన మాట ఇనుడు మానేసి ఆరేండ్లు.
దగ్గరికొచ్చి
నేల నుంచి కారు కప్పు దాక జానలతోటి కొలిచిండు.
అయిదు జానలు, నాలుగు వేళ్లు.
"మా మూడో నంబరు పొర గింతే ఉండె."

"బసా కాకా" అన్నడు పిల్లగాడు.

కాక కారుకు వీపు చూపిండు.
వెనక్కి, మెల్లగ,
బిడ్డను తొట్టెల వండబెట్టినట్టు
తన నడుమును తనే సీట్ల పెట్టిండు.
గదుమ ఛాతికి ఆనించి తలను లోపలికి తెచ్చుకున్నడు.
ఒక కాలు.
ఆగిండు.
మాట ఇనని కాలును
రెండు చేతుల పాయింటు పట్టి ఎత్తి
సామాను లెక్క పక్కకు పెట్టుకున్నడు.
తలుపు ఏసుకున్నడు.

నల్లద్దం. ఏం చేస్తున్నడో కనబడది.
వంగి చూసిన.
వేలు మడిచి కప్పును కొడుతున్నడు.
టక్.
చెవి అటు పెట్టి, ఇంకో జాగల, టక్.
పిల్లగాడు నవ్విండు.
నాకు నవ్వు రాలే.
కొత్తిల్లు కట్టిన నాడు మా నాయిన
రాత్రంత కర్రతోటి స్లాబును కొట్టి కొట్టి ఇన్నడు,
పండుకోమంటే పండుకోలే.
గట్టి కప్పు ఖంగుమంటది,
విడిచిన కప్పు డబ్బుమంటది.
ఆ రెండు సప్పుళ్ల నడుమనే మాకు బువ్వ.

చానాసేపటికి తలుపు తెరుచుకున్నది.
పిల్లగాడు చెయ్యి ఇయ్యబోతే
"వద్దు బిడ్డా, గుంజితే రెక్క వస్తది, మనిషి రాడు."
కాళ్లు రెండు బయట పెట్టిండు.
ఒక అరచెయ్యి కారు గడప మీద,
ఇంకోటి నా షెడ్డు జిడ్డు నేల మీద.
ఊపిరి పీల్చి, విడువకుంట,
ముందుకు పడబోయినట్టే వంగి
లేచి నిలబడ్డడు.
మోకాలు టప్పుమన్నది.

"ఎక్కుడు కష్టమా, దిగుడు కష్టమా కాకా?"
గఫార్ అడిగిండు.
కాక చెయ్యి గుడ్డకు తుడుసుకుంట
"ఉల్టా అడిగినవ్" అన్నడు.
"దీంట్లకు దిగాలె. దీంట్లకెళ్లి ఎక్కాలె.
బాయి లెక్కనే."

అందరు పోయిన్రు.
పుట్టీ కలుపుకుంట అదే మాట నమిలిన.
మరాఠీకి ఈ తిప్పలు లేదు,
ఏ బండికైనా బసా అంటది.
మనమే అన్నిటిని ఎత్తు మీద పెట్టుకున్నం,
బస్సెక్కు, రైలెక్కు, కోర్టు మెట్లెక్కు.

మా నాయిన పొద్దుగాల సద్ది చేతుల పట్టుకొని
బాయి దిగుతున్న అని చెప్పి పోయేటోడు.
ఎక్కిన అని ఏనాడు చెప్పలే.
గడపల నిలబడి, చెప్పులు విడువకముందే,
వచ్చిన అనేటోడు.